మగ్గం పక్కన కూర్చొని చెప్పిన మాట

మా వెనకింటి కొత్త కోడలు స్వాతి పోయిన నెలలో ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి, "ఆంటీ, జర నా ముచ్చట ఇంటరా? మీరు గిరాకీ అనుకోండి, నేను మీకు పాలసీ చెప్త" అంది. ఇన్సూరెన్సు పనిలో కొత్తగా చేరిందట. నేను ఆ పనిలోనే జుట్టు నెరిసినదాన్నని వాళ్ళ అత్త చెప్పి పంపిందట. ఇన్నేళ్ళూ గిరాకీల ముందు కూర్చోవడమే తప్ప నేనే గిరాకీని కావడం నాకు కొత్త. సరేనని కుర్చీ లాక్కొని కూర్చున్నాను. ఆ పిల్ల ఫోను తెరిచి, వేలితో బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి నెడుతూ, బస్సు వెళ్ళిపోతుందేమో అన్నంత తొందరగా చెప్పుకుపోయింది. బాగానే చెబుతోంది. నా కంటే ఎక్కువ చదువుకుంది, మాట స్పష్టంగా ఉంది, బెరుకు లేదు. ఇంతలో మా ఆయన కూరగాయల సంచీతో లోపలికి వచ్చాడు. స్వాతి ఠక్కున లేచి నిలబడింది. చున్నీ సర్దుకుంది. మాట ఆగిపోయింది. మా ఆయన సంచీ వంటింట్లో పెట్టి, చేతులు కడుక్కొని, పేపరు పట్టుకొని వెనక వరండాలోకి పోయేదాకా ఆ పిల్ల అలాగే గోడకు ఆనుకొని నిలబడి ఉంది. తర్వాత కూర్చొని, "ఏడిదాంక చెప్పిన, ఆంటీ?" అని అడిగింది.

నాకు నవ్వు ఆగలేదు. పాపం, ఆ పిల్ల చిన్నబుచ్చుకుంది. "నిన్ను చూసి నవ్వలేదే, నాకు నేనే యాదికొచ్చిన" అని ఛాయ్ పోసిచ్చి పంపాను. ఆమె వెళ్ళాక చాలాసేపు అదే కుర్చీలో కూర్చుండిపోయాను. కూరగాయలు సంచీలోనే ఉన్నాయి. వీపనగండ్లలో ఒక వేరుశెనగ రైతు ఇంట్లో కొంగు తల మీదికి లాక్కొని గోడకు అతుక్కుపోయిన పడుచుపిల్ల నా కళ్ళ ముందు నిలబడింది. ఆ పిల్ల నేనే.

నేను పుట్టింది వనపర్తిలో, మెట్టింది గద్వాలలో. మా ఆయన పత్తి మిల్లులో గుమాస్తా. పొద్దున్నే డబ్బా పట్టుకొని పోతే దీపాలు పెట్టే వేళకు వచ్చేవాడు. ఇంటి పెత్తనం అంతా మా అత్తమ్మది. తెల్లవారకముందే జొన్నరొట్టె కొట్టే చప్పుడుతో నన్ను లేపేది. లేవమని నోటితో ఏనాడూ అనలేదు. ఆ చప్పుడులోనే "ఇంకా పడుకున్నవా" అనే మాట ఉండేది. రొట్టె పెనం మీద కాలే కమ్మటి వాసన, వెనక వీధిలో సాలెవాళ్ళు పడుగు నూలుకు గంజి పెట్టిన పులిసిన వాసన, రెండూ కలిసి కిటికీలోంచి వచ్చేవి. ఇప్పటికీ ఎక్కడైనా గంజి వాసన తగిలితే నాకు రొట్టె తినాలనిపిస్తుంది. 

అత్తమ్మకు వక్కపలుకు బుగ్గన లేకుండా పని సాగేది కాదు. అరుగు మీద మగవాళ్ళ గొంతు వినిపిస్తే చాలు, చేతిలో చేట ఉన్నా చెంబు ఉన్నా అక్కడే వదిలి తలుపు వెనక్కి పోయేది. అక్కడి నుంచి అన్నీ వినేది. ఒక్క మాట అడిగేది కాదు. మా ఆయన బడికి పోయే వయసులోనే మామయ్య పోయాడు. మామయ్యకు వీపనగండ్ల వైపు కొంత చెలక భూమి ఉండేది. చాలా ఏళ్ళకు అత్తమ్మ ఆ ఊరికి ఒక పెళ్ళికి పోయినప్పుడు, ఆ చెలకలో ఎవరో వేరుశెనగ పీకుతున్నారట. "ఇది మాది గద" అంటే, "మీ మరుదులు ఎప్పుడో అమ్మిరి గదమ్మా, నీకు తెల్వదా?" అన్నారట. ఆ సంగతి అత్తమ్మ వాన పడిందని చెప్పినంత మామూలుగా చెప్పేది. కోపం లేదు, కన్నీళ్ళు లేవు. అలా చెప్పినందుకు నాకు మరుదుల మీద కంటే ఆమె మీదే ఎక్కువ మండేది.

నేను డిగ్రీ చదివి ఇంట్లో బియ్యం ఏరుకుంటూ కూర్చున్నానని మా మేనమామకు బాధ. ఆయన నాగర్‌కర్నూల్‌లో ఉండేవాడు. ఆడవాళ్ళు ఏజెంట్లుగా కావాలని ఇన్సూరెన్సు ఆఫీసువాళ్ళు వెతుకుతున్నారని, మగవాళ్ళు పోతే ఇళ్ళలో ఆడవాళ్ళు బయటికి రావడం లేదని ఆయనే కబురు తెచ్చాడు. మా ఆయన "నీ ఇష్టం" అన్నాడు. ఆ మాటకు మా ఇంట్లో అర్థం, మా అమ్మను అడుగు అని. అత్తమ్మ వక్క నములుతూ విని, "సావుల బేరమా?" అని ఒకే మాట అంది. ఇక అయిపోయిందనుకున్నాను. అయినా మేనమామ ఆఫీసులో నా పేరు రాయించి వచ్చాడు.

కొత్తవాళ్ళను వెంట తిప్పి పని నేర్పమని ఆఫీసువాళ్ళు ఖాజాసాబ్‌కు అప్పగించారు. ఆ తాలూకాలన్నీ కాలినడకన, సైకిలు మీద తిరిగిన పాత ఏజెంటు ఆయన. సన్నటి మనిషి. చొక్కా మెడపట్టీ కింద చేతిరుమాలు మడిచి పెట్టుకునేవాడు, బుగ్గన ఎప్పుడూ లవంగం. బీడీ అలవాటు మానలేక, ఆ వాసనతో ఒకరింట్లో కూర్చోవడం ఇష్టం లేక లవంగం పట్టాడు. నన్ను తీసుకుపోవడానికి అనుమతి అడగడానికి ఆయన మా ఇంటికి వచ్చాడు. అరుగు కింద చెప్పులు విడిచి, వాటిని వీధి వైపుకు తిప్పి పెట్టి కూర్చున్నాడు. మా ఆయన ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. సాబ్ ఆయనతో రెండు మంచిమాటలు మాట్లాడి, "అమ్మను పిలువు బాబూ, ముచ్చట ఆమెతోని" అన్నాడు. అత్తమ్మ రాలేదు. తలుపు వెనకే నిలబడింది. ఖాజాసాబ్ ఏమీ అనుకోకుండా ఆ తలుపుతోనే మాట్లాడాడు. కోడలు చేయబోయే పని ఏమిటి, ఎక్కడెక్కడికి పోవాలి, ఎవరితో మాట్లాడాలి, బస్సు తప్పితే ఎవరింట్లో దిగుతుంది, అన్నీ ఆ తలుపుకు చెప్పాడు. చివర్న, "నువ్వు ఏమన్న అడగాలంటె అడుగమ్మా. నీ కోడలు ఏం పని జేస్తదో నీకు తెల్వకుంటె ఎట్ల?" అన్నాడు. తలుపు, "పొద్దుగూకకముందే ఇల్లు జేరాలె" అంది. "నేనే తోల్కొచ్చి దింపిపోత" అన్నాడు సాబ్. "ఇంట్లకొచ్చేముందు కాళ్ళు కడుక్కోవాలె" అంది తలుపు. ఖాజాసాబ్ నా వైపు చూశాడు. నేను తల ఊపాను.

చావు ఇంటికి పోయి వచ్చినవాళ్ళు గడప బయట కాళ్ళు కడుక్కొని లోపలికి రావడం మా దగ్గర ఆచారం. మా అత్తమ్మ లెక్కలో నేను రోజూ చావు ఇంటికి పోయి వస్తున్నట్టే. సాయంత్రం నేను వచ్చేసరికి గడప పక్కన ఇత్తడి చెంబులో నీళ్ళు ఉండేవి. వీధిలో పోయేవాళ్ళు చూస్తుండగా వంగి కాళ్ళు కడుక్కునేదాన్ని. ఎవరో ఒకరు ఆగి, "ఎవరు పోయిండ్రే?" అని అడిగేవాళ్ళు. "ఎవరు పోలే అక్కా" అని చెప్పుకోవాలి. ఒళ్ళు మండిపోయేది. నెలనెలా జీతం తెచ్చే మగవాడైతే కాళ్ళు కడిగిస్తారా అని లోపల లోపల తిట్టుకునేదాన్ని. పైకి మాత్రం మంచి కోడల్ని.

ఖాజాసాబ్‌తో తిరగడం అంటే ముందు ఆయన, కొంత దూరంలో నేను. ఊళ్ళో పుట్టే మాటలు ఆయనకు తెలుసు. బస్సులో ఆయన డ్రైవరు దగ్గర, నేను ఆడవాళ్ళ మధ్య. కల్వకుర్తి పోయే బస్సులో చింతపండు బస్తాల మీద కూర్చొని పోయిన రోజులు ఉన్నాయి. దిగాక, "నడిచేది నేను ముందు, మాట్లాడేది నువ్వు ముందు" అనేవాడు కానీ మొదట్లో నాకు నోరు పెగిలేది కాదు. ఆయన పద్ధతులు కూడా వింతగా ఉండేవి. ఎవరింటికి పోయినా నీళ్ళు ఇస్తే తాగేవాడు. ఛాయ్ మాత్రం మాట పూర్తయ్యేదాకా ముట్టేవాడు కాదు. "ఛాయ్ తాగితె సుట్టాలమైతం బేటీ. సుట్టాలు మొకమాటం లేకుంట అడగలేరు, వద్దని చెప్పలేరు" అనేవాడు. పాలసీ వద్దన్న ఇంట్లో కూడా వెంటనే లేచేవాడు కాదు. పంట ఎట్లుంది, బోరులో నీళ్ళున్నాయా అని అడిగి, ఆ తర్వాతే లేచేవాడు. చెప్పులు వీధి వైపు తిప్పి పెట్టడం ఎందుకని ఒకసారి అడిగితే, "పొమ్మన్నప్పుడు తడుముకుంట కూసోవద్దు గద" అన్నాడు. మిగతా ఏజెంట్లు చావు మాట ఎత్తడానికి "రేపు ఏమన్న అయితే" అని నసిగేవాళ్ళు. ఆయన నసిగేవాడు కాదు. "నువ్వు లేని దినం" అని మెల్లగా, మనిషి కళ్ళలోకి చూసి చెప్పేవాడు. ఆ మాటకు ఎవరూ ఉలిక్కిపడగా నేను చూడలేదు.

వీపనగండ్లలో నా నిర్వాకం మొదటి నెలలోనే జరిగింది. వేరుశెనగ రైతు, ఆయన భార్య. ఇద్దరూ చాప మీద కూర్చొని శ్రద్ధగా వింటున్నారు. చెబుతున్నది నేనే. మొట్టమొదటిసారి నా మాట తడబడకుండా సాగుతోంది. అప్పుడే చేతికర్రతో ఇంటి పెద్దాయన, ఆ రైతు తండ్రి, లోపలికి వచ్చాడు. నా ప్రమేయం లేకుండానే నా కాళ్ళు లేచాయి. కొంగు తల మీదికి పోయింది. వీపు గోడకు ఆనింది. నన్ను చూసి ఆ ఇంటి కోడలూ లేచింది. ఇద్దరం గోడకు కొట్టిన రెండు మేకుల్లా నిలబడ్డాం. పెద్దాయన కూర్చొని ఎడ్ల సంగతి ఎత్తాడు. కొడుకు ఎడ్ల సంగతి మాట్లాడాడు. ఖాజాసాబ్ కాసేపు ఎడ్ల గురించే విని, నీళ్ళు తాగి, సెలవు తీసుకున్నాడు.

బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆయన బుగ్గలోని లవంగం ఇటు నుంచి అటు మార్చి అడిగాడు.

"ఎందుకు లేచినవ్ బేటీ?"

"పెద్దాయన వచ్చిండు గద సాబ్."

"ఆయన నీకేమైతడు?"

"ఏం గాడు."

"మరి?"

అలవాటు అన్నాను.

"నువ్వు కోడలివి మీ ఇంట్ల. ఈడ మాట జెప్పనీకె వచ్చిన మనిషివి. నువ్వు లేస్తివి, నిన్ను జూసి ఆమె లేచె. నువ్వు గూసుంటె ఆమె గూడ కూసునేదేమో."

"మర్యాద తప్పుతది గద?"

"నమస్తే పెట్టు. కూసోండ్రి అను. మళ్ళ మొదటి నుంచి ఆయనకు గూడ చెప్పు. గది మర్యాద. మాట ఆపుడు మర్యాద ఎట్లయితది? పెద్దాయన రాంగనే మాట ఆపితివి. నా కొడుకుకు ఏదో దొంగముచ్చట జెప్తుండ్రు అనుకోడా?"

ఆయన అసలు సంగతి చెప్పాడు. "ఆయన లేని దినం పైసలు ముట్టేది ఆమెకు. ఆమెకు మాట ముట్టకుంటె పైసలు ఎట్ల ముడ్తయ్? ఆమె నిలవడి ఇంటె ఇన్నట్టు గాదు. తలుపెనక ఇంటె అసలే గాదు. మన ముందర కూసోని ఇనాలె, మళ్ళ మనకు జెప్పాలె. గంతదాంక నేను దస్కతు తీసుకోను." తలుపు వెనక అన్నప్పుడు నాకు మా అత్తమ్మ గుర్తొచ్చింది. ఆయనకూ గుర్తొచ్చిందనే అనుకుంటాను.

వినడానికి బాగానే ఉంది. లేవకుండా కూర్చోవడం ఎంత కష్టమో ఆయనకేం తెలుసు? పుట్టింట్లో నేర్పిందీ అత్తింట్లో దిద్దిందీ అంతా కాళ్ళలోనే ఉంది. ఒకసారి మా ఆయన పెదనాన్న మా ఇంటికి వస్తే, సాబ్ చెప్పింది బుర్రలో ఉండి, లేవాలా కూర్చోవాలా తేలక మోకాళ్ళు మడిచి మధ్యలో ఆగిపోయాను. అత్తమ్మ తలుపు వెనక నుంచి చూసిన చూపుకు చటుక్కున లేచాను.

ఆ తర్వాత తిమ్మప్ప ఇల్లు. మా వెనక వీధిలోనే ఉండేది. తిమ్మప్ప, ఆయన భార్య ఈరమ్మ పట్టు అంచు చీరలు నేసేవాళ్ళు. తల్లిదండ్రులు చిన్నప్పుడే పోతే తిమ్మప్పను సాకి, పని నేర్పి, పెళ్ళి చేసింది అన్న నాగప్ప. ఆ వీధిలో నాగప్ప మాటకు తిరుగులేదు. తిమ్మప్ప తనంత తానే పాలసీ కావాలన్నాడు. ఆఫీసులో పని నేర్చుకునే గడువు దగ్గర పడుతోంది. నా అంతట నేను చేసిన పాలసీ ఒక్కటైనా చూపించకపోతే ఇంటికి పంపేస్తారు. ఇంటికి పంపడం అంటే మళ్ళీ బియ్యంలో రాళ్ళు. అందుకని ఆ ఇంటి మీద నాకు చాలా ఆశ. మేం పోయేసరికి ముందరి గదిలో నాగప్ప కూర్చొని ఉన్నాడు. తమ్ముడు పక్కన నిలబడ్డాడు. ఈరమ్మ ఎక్కడా కనిపించలేదు. తిమ్మప్ప లేని రోజు డబ్బు ఎవరికి అందాలో ఆ మనిషి పేరు పాలసీలో రాయాలి, దాన్నే నామినీ అంటాం. ఎవరి పేరు రాయమంటారని నేను అడిగానో లేదో, "ఎవరిదేంది, నాదే రాయి. ఇంటికి పెద్దోన్ని" అన్నాడు నాగప్ప. తిమ్మప్ప "అన్న చెప్పినట్టే" అన్నాడు. కలం నా చేతిలో సిద్ధంగా ఉంది. ఖాజాసాబ్ లేచి, "మళ్ళొస్తం" అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

వీధి మలుపులో ఆగి ఆయన, "ఆ మొగుడుపెండ్లాలు పక్కపక్కన కూసునేది ఏడ బేటీ?" అని అడిగాడు. ఆలోచించాను. తినేటప్పుడు కూర్చోరు, మగవాడు తిన్నాకే ఆమె తింటుంది. జాతరకు పోయినా ఆయన ముందు, ఆమె వెనక. అప్పుడు తట్టింది. మగ్గం. మా ఊరి చీరకు నూలు చీరంతా ఒకటి, పట్టు అంచు ఒకటి. నేసేటప్పుడే ప్రతి పోగుకూ ఆ రెండూ ఒకదాన్ని ఒకటి పట్టుకోవాలి. అందుకని మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. ఆయన చీర పోగు నడిపే నాడె విసిరితే ఆమె అంచు నాడె అందిస్తుంది. ఒకరి చెయ్యి ఆగితే రెండో చెయ్యి ఆగాల్సిందే. "రేపు ఆడికే పోదాం. మాట్లాడేది నువ్వే" అన్నాడు సాబ్.

మర్నాడు పెరటి దారిన, ఈరమ్మను అడిగే లోపలికి పోయాం. మగ్గం గదిలో వెలుతురు తక్కువ. గంజి వాసన, ఆముదం వాసన. మేమిద్దరం గుంట పక్కన నేల మీద కూర్చున్నాం. వాళ్ళు నేస్తూనే విన్నారు. మగ్గం చప్పుడు మధ్య మధ్యలో నా మాట. తిమ్మప్ప అన్నింటికీ తల ఊపుతున్నాడు. ఈరమ్మను అడిగితే, "నాకెందుకక్కా, ఆయనకు తెలిస్తె సాలదా?" అంది. "ఆయన లేని దినం ఆయన్ని అడుగుతవా?" అన్నాను. అది సాబ్ మాట కాదు, నా నోటి నుంచే వచ్చింది. ఈరమ్మ నాడె పట్టుకున్న చెయ్యి ఆగింది. మగ్గం ఆగింది. తర్వాత ఆమె అడగడం మొదలుపెట్టింది. కాగితం ఎక్కడ పెట్టాలి, పోతే ఎవరి దగ్గరికి రావాలి, చదువు రాకపోతే ఎవరు చదివి పెడతారు, అన్నీ ఆమే అడిగింది.

మగ్గం చప్పుడు ఆగిపోయిందని నాగప్ప వచ్చాడు. ఆ చప్పుడు ఆగితే ఆ ఇంట్లో ఎవరికైనా తెలిసిపోతుంది. గుమ్మంలో ఆయన దగ్గు వినగానే ఈరమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. గుంటలో కాళ్ళున్నాయి కాబట్టి ఆమె లేవలేదు, అంతే. నా మోకాళ్ళు లేవబోయాయి. ఖాజాసాబ్ నా వైపు చూడలేదు, నేల చూస్తున్నాడు. నేను రెండు అరచేతులూ నేలకు అదిమి కూర్చున్నాను. నమస్తే పెట్టాను. 

"రాండన్నా, కూసోండి. మీరు గూడ ఇనాలె. ఈరమ్మకు పాలసీ సంగతి చెప్తున్న."

"ఇంటికి పెద్దోన్ని నేనుండంగ ఆడదానికేం జెప్తవు?"

"తిమ్మప్పన్న లేని దినం దస్కతు వెట్టేది ఆమె. దేనికి వెడ్తున్ననో ఆమెకు తెల్వాలె గదన్నా."

నాగప్ప ముఖం ఎర్రబడింది. కానీ ఆయన అరవలేదు. "వాన్ని నా రెక్కల మీద సాదిన. ఇయ్యాల వాని పెండ్లాం పేరు రాస్తె నేనేమైన? పరాయోన్నయిన్నా?" అన్నాడు. ఆ మాటలో కోపం కంటే బాధే ఎక్కువ ఉంది. నాకు జాలేసింది కూడా. ఆయన తప్పు మనిషి కాడు. తమ్ముడి సొమ్ము తినేవాడు అసలే కాడు. నేను మళ్ళీ తిమ్మప్పనే అడిగాను. "ఎవరి పేరు రాయమంటవన్నా?" తిమ్మప్ప అన్నను చూశాడు, గుంటలోకి చూశాడు. "ఇగో... ఈమెదే" అన్నాడు. "పేరు చెప్పు." భార్య పేరు నోటితో చెప్పే ఆచారం ఆ ఇంట్లో లేదు, అందులోనూ అన్న ముందు. "నీకు తెలుసు గద, రాసుకో" అన్నాడు. "నేను రాసుకుంటె చెల్లదు. మీరే చెప్పాలె." అప్పుడు కొంగు కింద నుంచి, బావగారి ముందు, ఆమె తానే చెప్పింది.

"ఈరమ్మ."

రాశాను. నాగప్ప ఇంకొక్క మాట అనకుండా వెళ్ళిపోయాడు. మేం లేచేముందు ఈరమ్మ నేను చెప్పిందంతా నాకు తిరిగి చెప్పింది, ఒక్కటి మరిచిపోలేదు. ఖాజాసాబ్ అప్పుడు ఛాయ్ అడిగాడు.

ఆ సంతోషం ఒక్క పూటే. మర్నాడు పొద్దున్నే నాగప్ప మా అరుగు మీదికి వచ్చాడు. అత్తమ్మ ఎప్పటిలాగే తలుపు వెనక్కి పోయింది. నేను పిండి చేతులతో వంటింట్లో నిలబడి విన్నాను. "నీ కోడలు నా ముందర కూసోని మాట్లాడింది. నా ఇంట్ల నాకే నేర్పవచ్చింది. ఇంట్ల వెట్టుకో. లేకుంటె మా వాడకట్టుల ఒక్క ఇల్లు తలుపు తియ్యదు" అన్నాడు. ఆయన పోయాక అత్తమ్మ రొట్టెలు కొట్టింది, వక్క నమిలింది. పొమ్మనలేదు, పోవద్దనలేదు. నేను పోయాను. పోయి ఏం మాట్లాడానో ఒక్క మాట గుర్తులేదు. సాయంత్రం తిరిగి వస్తే పని మానెయ్యమంటుందని రోజంతా భయం. ఆమె అంటే మా ఆయన కాదనడు. ఆయన కాదనకపోతే నాకు దారి లేదు.

వచ్చేసరికి గడప దగ్గర చెంబు ఉంది. చెంబు పక్కన అత్తమ్మ నిలబడి ఉంది. నేను నీళ్ళ కోసం వంగబోతే అడిగింది.

"ఆ పిల్ల పేరే రాసినవా?"

"రాసిన. తన పేరు తానే చెప్పింది అత్తమ్మా."

"నాగప్ప ముందరనా?"

"ఆయన ముందరనే."

"ఆమె ఇన్నదా? కాగితం ఏడుంటది, ఎవర్ని అడగాలె, అంత ఇన్నదా?"

"ఇన్నది. మళ్ళ నాకే జెప్పింది."

అత్తమ్మ వీధి వైపు చూస్తూ కాసేపు వక్క నమిలింది. "నాకెవ్వరు జెప్పలే" అంది. చెలక సంగతి చెప్పినప్పటి గొంతు కాదది. ఆమె ఇన్నేళ్ళుగా మింగి ఉంచుకున్న కోపం ఆ రెండు మాటల్లో నాకు వినిపించింది. చెంబు ఎత్తి, నీళ్ళు కరివేపాకు చెట్టు మొదట్లో పోసింది. "ఇంట్లకు రా, రొట్టె సల్లారుతుంది" అని లోపలికి పోయింది. నా కాళ్ళకు ఊరి దుమ్మంతా ఉంది. అలాగే గడప దాటాను. లోపలికి పోయి ఏడ్చాను.

ఆ మరుసటి రోజు నుంచి గడప దగ్గర చెంబు లేదు. దాని బదులు ఒక ప్రశ్న ఉండేది. నేను ఏ ఊరి నుంచి వచ్చినా, బల్మూర్ నుంచి ఎండలో మాడి వచ్చినా సరే, చెప్పులు విడవకముందే "ఆమె ఇన్నదా?" అని అడిగేది. ఎవరామె అని నేనెప్పుడూ అడగలేదు. ఇన్నదంటే తల ఊపేది. ఇనలేదంటే, "మళ్ళ పో" అనేది. నా పై ఆఫీసర్లు ఎందరో మారారు గానీ అంత కచ్చితంగా నన్ను లెక్క అడిగినవాళ్ళు లేరు. నాగప్ప నాతో చివరిదాకా మాట్లాడలేదు. అయితే వాడకట్టు తలుపులు మాత్రం మూయించలేదు. తిమ్మప్ప, ఈరమ్మ ఇద్దరూ ఇప్పటికీ ఉన్నారు. మోకాళ్ళ నొప్పులతో మగ్గం దిగి, పొద్దున్నే ఎండలో పక్కపక్కన కూర్చుంటారు. ఖాజాసాబ్ పోయినప్పుడు నేను వాళ్ళింటికి వెళ్ళాను. ఏది ఎక్కడుందో ఎవరూ వెతుక్కోలేదు. ఆయన భార్య బేగం కూర్చున్నచోటు నుంచే అన్నీ చెప్పింది.

ఇప్పుడు అంతా తేలికైంది. కాదనను. చింతపండు బస్తాల మీద కూర్చొని కల్వకుర్తి పోవాల్సిన పని లేదు, వేలిముద్రలకు సిరా పూయాల్సిన పని లేదు. ఆడపిల్ల ఒక్కతే బండి మీద పోయి పని చేసుకొని వస్తుంటే ఎవరూ ఆగి చూడరు, ఎవరూ కాళ్ళు కడిగించరు. అది చూస్తే నాకు నిజంగా సంతోషం. పేరు చెప్పడానికి కూడా ఎవరూ సిగ్గుపడరు. అసలు పేరు ఎవరూ చెప్పనక్కర్లేదు, ఫోనులో గడి ఉంటుంది, అందులో కొట్టేస్తారు.

మొన్న స్వాతి మళ్ళీ వచ్చింది. గుమ్మంలోంచే, "ఆంటీ, ఫస్ట్ పాలసీ అయింది!" అని అరిచింది. మనిషి హైదరాబాద్‌లో పని చేస్తాడట, భార్య పిల్లలు ఇక్కడే గద్వాలలో. ఆయనతో ఫోనులో మాట్లాడిందట, అంతా ఫోనులోనే అయిపోయిందట, ఛాయ్ తాగేలోపల. కళ్ళు మెరిసిపోతున్నాయి. నేనూ సంతోషపడ్డాను, చక్కెర తెచ్చి నోట్లో వేశాను. ఆ చక్కెర చప్పరిస్తున్న పిల్లను చూస్తూ, అనుకోకుండానే మా అత్తమ్మ గొంతుతో అడిగాను.

"ఆమె ఇన్నదా?"

స్వాతి చప్పరించడం ఆపింది.

"ఎవరు ఆంటీ?" అంది.